మా లాన్ ట్రాక్టర్ కేసు: తీర్పు వాయిదా

నార్సింగి దాటాక ఉన్న మా గేటెడ్ కమ్యూనిటీలో జూన్ నుంచి ఒక జాతీయ సమస్య పెండింగులో ఉంది. లాన్ ట్రాక్టర్, అంటే ఎక్కి కూర్చుని నడుపుతూ గడ్డి కోసే బండి, ఆగిపోయింది. బాగుచేయించాలా, కొత్తది కొనాలా? అసోసియేషన్ కమిటీ ఇప్పటికి నాలుగుసార్లు కూర్చుంది. నాలుగుసార్లూ మిర్చి బజ్జీలు తిని లేచింది.

అసలు మా లాన్ పట్టుమని పది గుంటలు లేదు. ఈ బండేమో అర ఎకరం, ఎకరం పెరళ్లున్న అమెరికా వాళ్ల కోసం చేసింది. డల్లాస్‌లో పదేళ్లుండి వచ్చిన మాజీ అధ్యక్షులవారు ముచ్చటపడి కొన్నారు. ఇక్కడ అది కోసిందానికన్నా రివర్స్ చేసుకున్నదే ఎక్కువ. అయినా తొమ్మిదేళ్లు నడిచింది, పాపం.

రోగమేమిటో మా మాలి మొదటిరోజే చెప్పాడు. "ఇంజన్ మంచిగనే ఉంది సార్. ఎండాకాలమంతా పెట్రోల్ అట్లనే ఉంచిండ్రు, కార్బొరేటర్ల జిగురు పట్టింది. బెల్టు పోయింది. రాణిగంజ్ల దొరుకుతది." బెల్టు తీసి చూపించాడు. అంచులు పాత పంచెలా పీచులు లేచాయి, లోపలివైపు వరసగా పగుళ్లు. కార్బొరేటర్ గిన్నె విప్పితే అడుగున తేనెరంగు బంక, పాత వార్నిష్ డబ్బా వాసన. కానీ మాలి మాట మినిట్స్‌లోకి ఎక్కదు కదా.

అందుకని సర్వీస్ ఇంజనీర్‌ని పిలిపించారు. ఆయన షూస్‌కి తడి అంటకుండా గట్టు మీదే నిలబడి, బానెట్ ఎత్తకుండానే, "ఈ మోడల్ రావట్లేదు సార్, రిపేర్ వర్త్ కాదు" అని తేల్చేశాడు. కొత్తదాని బ్రోచర్ చేతిలో పెట్టి, విజిటింగ్ చార్జీ పుచ్చుకుని వెళ్లాడు. పెళ్లిచూపుల్లో కూడా పిల్లని ఇంతకన్నా ఎక్కువసేపే చూస్తారు.

మూడో మీటింగులో ఒక రిటైర్డ్ ఆఫీసరుగారు చట్టం తీశారు. 2022లో కేంద్ర వినియోగదారుల శాఖ రిపేరు హక్కు మీద కమిటీ వేసిందట. అందులో వ్యవసాయ పరికరాలు, మొబైల్ ఫోన్లు, గృహోపకరణాలు, వాహనాలు ఉన్నాయట. నిజమే, ఉన్నాయి. అయితే మనది ఇందులో ఏది? ట్రాక్టర్ కాబట్టి వ్యవసాయ పరికరమే అన్నారు ఆయన. పండేది గడ్డే కాబట్టి కాదన్నారు సెక్రటరీ. ఇంటి ముందర వాడతాం కాబట్టి గృహోపకరణం అన్నారు ఇంకొకరు. మనవళ్లని ఎక్కించుకుని తిప్పుతున్నారు కాబట్టి వాహనమేనని ట్రెజరర్ పట్టుబట్టారు. వాహనమైతే మరి పార్కింగ్ స్లాట్ ఎవరి పేరు మీద ఉంది? విజిటర్స్ పార్కింగులో పెడుతున్నారా? ఎవరిని అడిగి? అక్కడినుంచి చర్చ బీ బ్లాక్ వాళ్ల రెండో కారు మీదికి వెళ్లి, మళ్లీ వెనక్కి రాలేదు. బజ్జీలు రెండో వాయి వచ్చాయి. ఆ బిల్లుతో రెండు బెల్టులు కొనొచ్చు.

ఇక్కడ వానలకి గడ్డి ఆగుతుందా? పాలమూరు నుంచి వచ్చిన నలుగురు ఆడకూలీలని పెట్టారు. క్లబ్ హౌస్ అద్దాల అవతల, వాళ్లు వానలో గొంతుక్కూర్చుని కొడవళ్లతో పది గుంటలూ కోస్తున్నారు. అద్దాల ఇవతల ఏసీలో వీళ్లు 'టోటల్ కాస్ట్' స్లైడ్ చూస్తున్నారు. ఆ స్లైడులో డీజిల్ ఉంది, పెట్రోల్ ఉంది, తరుగుదల ఉంది. వాళ్ల నడుములు లేవు. ఇంతకీ ఆ బండికి డీజిల్ ఎక్కడ పోస్తారో ఆ స్లైడు చేసిన పెద్దమనిషి ఒక్కసారైనా మూత తీసి చూశాడా? సిగ్గుండాలి. ఒకామె మంచినీళ్లకని క్లబ్ హౌస్ మెట్లెక్కితే, బురద కాళ్లతో లోపలికొస్తావా అని సెక్యూరిటీ చేత దింపించారు. ఆ తీర్మానానికి మాత్రం నాలుగు మీటింగులు పట్టలేదు.

మొన్న శనివారం నేనే పాత బెల్టు భుజాన వేసుకుని రాణిగంజ్ వెళ్లాను. కొట్టతను దాని మీద అరిగిపోయిన నంబరు బొటనవేలితో తుడిచి చదివి, అరలోంచి ఒకటి లాగి, "ఒక్కటేనా సార్, రెండియ్యాల్నా?" అన్నాడు. రెండు నిమిషాల పని.

తెచ్చి కమిటీకి చూపించాను. కొనేముందు మూడు కొటేషన్లు ఉండాలన్నారు. బెల్టు నా కారు డిక్కీలోనే ఉంది.