యాభై బస్కీలు, ఐదు కథలు

ఫోన్లో చూసి సూర్యనమస్కారాలు మొదలెట్టి నెలైంది. పన్నెండు భంగిమల్లో నాకు పూర్తిగా పట్టుబడ్డవి రెండు: మొదటిదీ, చివరిదీ. రెండూ ఒకటేనని మా ఆవిడ చెప్పేదాకా తెలీలేదు.

అక్కడితో ఆగినా బాగుండేది. కానీ మాది విజయనగరం. మల్లయోధుడు కోడి రామమూర్తి నాయుడు ఛాతీకి గొలుసు చుట్టించుకుని ఊపిరి పూరించి తెంపేవాడనీ, గుండెల మీదకి ఏనుగునెక్కించుకునేవాడనీ వింటూ పెరిగాం. ఊపిరితో గొలుసు తెగిందంటే ప్రాణాయామమూ కసరత్తూ ఒకే కంచంలో తిన్నట్టే కదా అని నాకో తర్కం తోచింది. పైగా మా తాతగారు రోజూ తాలింఖానాకి, అంటే కసరత్తుశాలకి, వెళ్లేవారు. (పేకాటకని మా నాయనమ్మ అనుమానం.)

శనివారం పొద్దున్నే దండాలతో మొదలెట్టాను. నడుం కొండలా ఎత్తి, తల దించి, ఛాతీని నేలబారుగా ముందుకి పాకించి, పాములా పైకి లేవాలి. సూర్యనమస్కారంలో నడిమి ముక్కే, కాస్త కోపంగా చెయ్యాలి, అంతే. ఐదోదానికి చాప జారి ముక్కు గచ్చుకి తగిలింది. సోఫా కింద సంక్రాంతి నాటి జంతిక ఒకటి కనిపించింది. దండాలకి మంగళం పాడేశాను.

బస్కీలంటే, చెవులు వదిలేస్తే, గుంజీళ్లే. బళ్లో మాస్టార్ల దయవల్ల ఆ విద్యలో నాకు అనుభవం ఉంది. ఇరవై దాకా పౌరుషం, నలభై దాకా మొండితనం, యాభైకి ఏమీ మిగల్లేదు. చివర్న రోకలిని గదలా తిప్పబోతే అమ్మ లాగేసుకుంది. "ఒరేయ్, ఆ టీవీకి ఇంకా వాయిదాలు కడుతున్నావు."

ఆ రోజు ఏమీ కాలేదు. ఆదివారం మెట్లు దిగుతుంటే తొడలు కాస్త గొణిగాయి. మెల్లగా కిందికి కూర్చునేటప్పుడు తొడ కండరాలు సాగుతూ బరువు మోస్తాయి. ఆ కష్టం అప్పుడు చెప్పవు, రెండో రోజుకి దాచిపెట్టుకుంటాయి, పెళ్లిలో అలిగిన అల్లుడిలా.

రెండో రోజు సోమవారం. కార్తీక పౌర్ణమి. ఇంట్లో సత్యనారాయణ వ్రతం.

పీట మీదకి దిగుతూ చివరి జానెడూ కూర్చోలేదు, పడ్డాను. కలశం మీద కొబ్బరికాయ ఊగింది. ఐదు కథలూ బాసింపట్టు మీదే విన్నాను. పడవలో సరుకంతా ఆకులూ తీగలూ అయిపోయిన ఘట్టానికి నా కాళ్లు కూడా అవే అయిపోయాయి.

"లేచి ఆత్మప్రదక్షిణం చెయ్యండి బాబూ" అని పంతులుగారు 'యాని కాని చ పాపాని' అందుకున్నారు. మా ఆవిడ లేచింది. నేను లేవలేదు. పంతులుగారు 'పాపాని' దగ్గర రాగం సాగదీసి నాకేసి చూశారు. చుట్టాలూ చూశారు. ఎన్ని పాపాలో అని లెక్కేస్తున్నట్టుంది.

"ఏవండీ, లేవరేం?"

"లేస్తున్నానే."

"ఎప్పుడు?"

పంతులుగారికి డెబ్భై దాటాయి. నా తొడల వణుకు చూసి, అక్షింతలిచ్చే నెపంతో వంగి చెవిలో అడిగారు. "బస్కీలా? ఎన్ని?"

"యాభై."

"మొదటి రోజేనా? మేం పదితో మొదలెట్టేవాళ్లం, నాయనా" అని నిట్టూర్చి, యజమాని కూర్చునే నమస్కరించవచ్చని పైకి ప్రకటించారు.

వచ్చినవాళ్లు ప్రసాదం పట్టుకెళుతున్నారు. నేను మాత్రం పీట మీదే ఉన్నాను. "ఈ కాలంలో ఇంత భక్తి!" అంది ఎవరో పిన్నిగారు. బతికిపోయాననుకున్నాను. ఇంతలో పక్కింటి మామ్మగారు మండపానికి దణ్ణం పెట్టడానికి వంగుతూ, ఆసరాకని నా తొడ మీద అరచెయ్యి ఆనించి బరువంతా దాని మీద వేశారు.

"అమ్మా!" అని కేకేశాను. ఒళ్లంతా ఊగిపోయింది.

గది నిశ్శబ్దమైపోయింది. మామ్మగారు రెండడుగులు వెనక్కి వేసి, చేతులు జోడించి, వణికే గొంతుతో అడిగారు. "ఎవరు తల్లీ? పైడితల్లమ్మవేనా?"

నాకంటే ముందు మా ఆవిడే జవాబిచ్చింది. "ఏం కావాలో అడగండి మామ్మగారూ. లేవమని మాత్రం అడక్కండి."