పద్మనాభం యుద్ధంలో రాలిపోయిన ప్లాస్టిక్ గుండీ గారికి

మహారాజశ్రీ ప్లాస్టిక్ గుండీ గారి సముఖానికి,

విశాఖపట్నం నుంచి తమ మాజీ యజమాని నమస్కరించి రాసుకున్న ఉత్తరం. ఉభయకుశలోపరి. ఇక్కడ నేను మోకాలి దెబ్బ మినహా క్షేమం. అక్కడ మీరు పద్మనాభం కొండ దిగువన ఆ జీడిమామిడి తోటలో, ఎండుటాకుల కింద, నాలుగు కళ్లూ తెరుచుకుని క్షేమంగానే ఉంటారు. మీకు కుళ్లడం చేతకాదు కదా.

తమరు రాలిపోయిన రోజు నుంచి తోటి వీరుల మధ్య నేను తలెత్తుకోలేకపోతున్నాను. పావలా చేయని మీరు 1794వ సంవత్సరాన్ని సాంతం పాడుచేశారని మా దళపతి గారి అభియోగం. దాని మీద తీర్మానం కూడా చేశారు. అందులో మీ ప్రస్తావన మూడుసార్లు వచ్చింది. ఆ యుద్ధంలో ప్రాణాలు వదిలిన రాజు గారి ప్రస్తావన ఒక్కసారి వచ్చింది.

మీరు నా అంగీ మీదకు వచ్చేసరికే కథ సగం నడిచిపోయింది కాబట్టి మొదటి సగం చెబుతాను. పొద్దున్నే సముద్రతీరంలో నడకకు పోగయ్యే పదిహేను మందిమి, సగానికి సగం పింఛనుదారులం, విదేశాల్లో పాత యుద్ధాలను మళ్లీ ఆడి చూపించే వీడియోలు చూసి చెడిపోయాం. ఇంగ్లండులో 1968లో బ్రిగేడియర్ పీటర్ యంగ్ మొదలుపెట్టిన సంఘం ఒకటి, తమ దేశపు పదిహేడో శతాబ్దపు అంతర్యుద్ధాన్ని ఇప్పటికీ పొలాల్లో ఆడుతోంది. వాటర్లూ యుద్ధానికి రెండు వందల ఏళ్లు నిండిన 2015లో బెల్జియంలో వేల మంది వేషాలు కట్టారు. నెపోలియన్‌గా ఒక ఫ్రెంచి వకీలు గుర్రమెక్కాడు. వకీలు చక్రవర్తి కాగా లేనిది పదవీ విరమణ చేసిన బ్యాంకు మేనేజరు రాజు కాకూడదా అని మా దళపతి గారు అడిగారు. కాకూడదని చెప్పే ధైర్యం మాకు లేదు. సంఘానికి ఖాతా తెరిపించినది ఆయనే.

మొదట బొబ్బిలి యుద్ధం అనుకున్నాం. 1757 జనవరి 24. కాని ఎవరిని అడిగినా తాండ్ర పాపారాయుడి వేషమే కావాలన్నారు. పద్నాలుగు మంది పాపారాయుళ్లు ఒకే గుడారంలో దూరితే, విజయరామరాజు వేషం వేసిన ఒక్కడు ఎన్ని పోట్లని తింటాడు? దాంతో పద్మనాభానికి దిగాం. 1794 జూలై 10. పేష్కష్ అనే కప్పం బకాయిల కోసం ఈస్టిండియా కంపెనీ పీకల మీద కూర్చుని, జమీందారీ వదిలి మచిలీపట్నం పొమ్మంటే, విజయనగరం రాజు చిన విజయరామరాజు పోనని పద్మనాభంలో మకాం పెట్టారు. కల్నల్ ప్రెండర్‌గాస్ట్ సేనతో వచ్చి మీద పడ్డాడు. గంట కూడా పట్టలేదు. రాజు, ఆయనను విడిచి వెళ్లని బంధువులు, అనుచరులు అక్కడే ఒరిగిపోయారు. గంటలో ముగిసే యుద్ధం గనుక మధ్యాహ్న భోజనానికి భీమిలి చేరుకోవచ్చని మేమొక లెక్క వేసుకున్నాం. ఈ సంగతి తీర్మానంలో లేదు.

మా నియమావళిలో మొదటి వాక్యం: అన్నీ అప్పటివే ఉండాలి. నేతబట్ట, చేతికుట్టు. అంగరఖాకు బొందులు తప్ప గుండీలు పనికిరావు. నేను పొందూరు ఖద్దరు తెచ్చి పూర్ణా మార్కెట్ దగ్గర మా పాత దర్జీ ముందు పరిచాను. ఆయన బట్టను రెండు వేళ్ల మధ్య నలిపి చూసి మెచ్చుకున్నాడు. బొందులు అనగానే కళ్లజోడు నుదుటి మీదకు తోశాడు.

"బొందులు చంటిపిల్లల చొక్కాలకు కదా బాబూ. మీకెందుకు?"

"యుద్ధానికి."

"యుద్ధంలో ఊడిపోతే?"

ఈ వ్యవహారం మొత్తంలో యుద్ధవ్యూహం తెలిసిన మనిషి ఆయనొక్కడే అని నాకు అప్పుడు తెలియలేదు. చెప్పినట్టే బొందులు పెట్టాడు. పెట్టి, ఎందుకైనా మంచిదని, పైమడత చాటున ఎవరికీ కనబడకుండా మిమ్మల్ని కూర్చోబెట్టాడు. బడిపిల్లల చొక్కాల కోసం ఉంచుకున్న రేకు డబ్బాలోంచి మిమ్మల్ని ఏరడం నేను కళ్లారా చూశాను. దారం కొస నాలుకతో తడిపి సూదిలోకి ఎక్కించాడు. నాలుగు కన్నాల్లోనూ ఇంటూ గుర్తులా అటు రెండుసార్లు, ఇటు రెండుసార్లు లాగి, అడుగున మెడకు మూడు చుట్లు చుట్టి, దారాన్ని పంటితో తెంపాడు. చేతికుట్టే. నియమావళిని ఆ మేరకు మీరు పాటించారు.

జూలై పదో తేదీ తెల్లవారుజామున బీచి రోడ్డులో, కురుసుర జలాంతర్గామి ఎదురుగా తనిఖీ. దళపతి గారి చేతిలో భూతద్దం. ఒకరి చెప్పులకు రబ్బరు అట్ట ఉందని విప్పించారు. పాపం ఆయన రోజంతా వట్టి కాళ్లతో తిరిగాడు. ఇంకొకరి తలపాగాలో సేఫ్టీ పిన్ను దొరికింది. దాన్ని పట్టుకున్నప్పుడు దళపతి గారి ముఖం చూడాలి, బందిపోటును పట్టుకున్న దరోగాలా వెలిగిపోయింది. ఆయనకున్న కళ్లజోడు, చెవిలో యంత్రం, మోకాలి పట్టీ, చక్కెర మాత్రల డబ్బా మాత్రం ఆరోగ్య కారణాల కింద 1794లో ప్రవేశానికి అర్హత సంపాదించాయి. నా వంతు వచ్చినప్పుడు మీరు మడత చాటున ఊపిరి బిగబట్టారు. నేనూ అంతే.

బస్సు కోసం ఎదురుచూస్తూ ఆయన మాకు అమెరికావాళ్ల నిష్ఠ గురించి చెప్పారు. అక్కడ అంతర్యుద్ధాన్ని ఆడేవాళ్లలో బాగా ముదిరినవాళ్లు ఇత్తడి గుండీలకు పాతదనం రావాలని వాటిని మూత్రంలో నానబెట్టిన సందర్భాలున్నాయట. అప్పటి ఫోటోల్లోని శవాల్లా పొట్ట ఉబ్బించి పడుకోవడం సాధన చేసినవాళ్లూ ఉన్నారట. సరంజామాలో తేడా ఉన్నవాణ్ని 'ఫార్బ్' అని వెక్కిరిస్తారు. ఈ మాట దొరికిన నాటి నుంచి దళపతి గారు ఇంట్లో కూడా వాడుతున్నారు. మిక్సీలో పచ్చడి చేస్తే ఫార్బ్. ఆవిడ రోలు ఆయన ముందు పెట్టి, రుబ్బమని పోయిందట. మూత్రం సంగతి సంఘంలో చర్చకు వచ్చింది గాని, గుండీలే నిషిద్ధం కాబట్టి గండం గడిచింది. మా నియమావళికి నేను మనసారా దండం పెట్టుకున్నది ఆ ఒక్కసారే.

అసలు చిక్కు ఎర్రకోట్ల దగ్గర వచ్చింది. కంపెనీ పక్షాన నిలబడడానికి మాలో ఒక్కడూ ముందుకు రాలేదు. అందరూ రాజు గారి మనుషులే. ఆ రోజుల్లో మనవాళ్లలో ఇంత ఐకమత్యం ఉండి ఉంటే కంపెనీ ఓడ దిగేదే కాదు. కంపెనీ సేనలో తుపాకీ మోసిన సిపాయిలు ఈ దేశంవాళ్లే కదా, ఆ కొలువులో తెలుగువాళ్లు ఎంతగా పేరుపడ్డారంటే ఉత్తరాదిన సిపాయిని 'తిలంగా' అనే పిలిచేవారు కదా అని నేను ఎత్తుకున్నాను. వెంటనే సమావేశానికి కాఫీ విరామం ప్రకటించారు.

చివరికి పెళ్లిళ్లలో వడ్డనకు వెళ్లే కుర్రాళ్లను పన్నెండు మందిని రోజుకూలికి మాట్లాడాం. వాళ్లకు ఉన్ని కోట్లు. జూలైలో. మన ఊరి ఉక్కపోత ఎలాంటిదో మీకు చెప్పనవసరం లేదు, నా ఛాతీ మీద కూర్చుని చూశారు. కుర్రాళ్లు కోట్లు తొడుక్కుని రెండు నిమిషాలు నిలబడ్డారు. తరవాత విప్పి, విస్తళ్ల కట్టలు పేర్చినంత పొందికగా మడతపెట్టి బస్సు మెట్ల మీద పెట్టారు.

"ఎక్కం," అన్నారు.

కోటు లేకుండానైతే వస్తారు. కోటుతోనైతే కూలి రెట్టింపు, అదీ ముందుగానే. దళపతి గారు దేశభక్తి గురించి మాట్లాడారు.

"మేం కంపెనీవాళ్లం కదండీ," అన్నాడు వాళ్లలో ఒకడు.

నాకు ఒళ్లు జలదరించింది. 1780 అక్టోబరు 3న ఇదే ఊళ్లో, హైదరాలీ మీద యుద్ధానికి మద్రాసు వెళ్లే ఓడ ఎక్కమంటే కంపెనీ సిపాయిలు "ఎక్కం" అన్నారు. తిరగబడి తమ అధికారుల మీదే తుపాకులు పేల్చారు. అంతటి ఘట్టం మా బస్సు దగ్గర, సాధన లేకుండా, ఖర్చు లేకుండా, దానంతట అది జరిగిపోతోంది. దేవుడి దయవల్ల తుపాకులు మాత్రం లేవు. కుర్రాళ్ల ఒంటి మీద టీషర్టులు, ఒకడి వీపు మీద క్రికెట్ ఆటగాడి అంకె. అది చూడవలసిన మేము ఒకరి తలపాగాలు ఒకరం తడుముకుంటున్నాం.

మాట వచ్చింది కాబట్టి చెబుతాను, ఈ ఊరి యుద్ధం ఇంకొకటుంది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు ఇక్కడ బాంబులు వేశాయి. మా అమ్మమ్మ ఆ రోజు అన్నం వారుస్తోంది. గిన్నె అక్కడే వదిలి, పిల్లలను చంకనేసుకుని, విజయనగరం దారి పట్టింది. హడావుడిలో గంజి ఒలికి ఎడమ చేతి మీద మచ్చ పడింది. చిన్నప్పుడు దాన్ని తడిమి చూసేవాణ్ని, నున్నగా ఉండేది. (అన్నట్టు ఆవిడ మిమ్మల్ని గుండీ అనేది కాదు, బొత్తాం అనేది.) ఆ పారిపోవడాన్నే ఆడదామని ఒకసారి ప్రతిపాదించాను. అందులో వీరరసం లేదన్నారు. మూటలు ఎవరు మోస్తారని కూడా అన్నారు.

ఇక తమరు నేలకొరిగిన వైనం. కూలి రెట్టింపు చేశాక కంపెనీ సేన కదిలింది. తోటలో పొగ లేచింది, కేకలు పుట్టాయి, రాజు గారు గుండె పట్టుకుని ఒరిగారు. డ్రోను ఎగరేసే అబ్బాయి "కొమ్మ అడ్డొచ్చింది సార్, ఇంకోసారి" అన్నాడు. పద్యనాటకాల రోజుల్లో వన్స్‌మోర్ అంటే చచ్చిన పాత్ర లేచి, పద్యం అందుకుని, మళ్లీ చచ్చేదని మన పెద్దవాళ్లను చూసి నవ్వుకుంటాం. దళపతి గారు ఆ ఉదయం నాలుగుసార్లు వీరమరణం పొందారు. పద్యం కూడా లేదు.

మూడో మరణంలో అంగరక్షకుడిగా నేనూ పడాలి. పడ్డాను. జీడిచెట్టు వేరు మోకాలికి తగిలింది. దర్జీ జోస్యం ఫలించి బొందులన్నీ ఒక్కసారి ఊడాయి. అంగరఖా బరువు, నా పొట్ట బరువు మీ ఒక్కరి మీద పడ్డాయి. ఎంతసేపని ఓర్చుకుంటారు? టప్పుమని తెగి, గాలిలో ఒక పల్టీ కొట్టి, రాజు గారి ముక్కు ముందు నుంచి పోయి ఆకుల్లో పడ్డారు. చనిపోయి ఉన్న రాజు గారు ఒక కన్ను తెరిచారు.

"గుండీ!" అన్నారు.

విచారణ భీమిలిలో భోజనాలయ్యాక ఒక చెట్టు కింద జరిగింది. నా వాదన నేను వినిపించాను. అమెరికాలో గెటిస్‌బర్గ్ యుద్ధానికి యాభై ఏళ్లు నిండిన 1913లో, అంతర్యుద్ధంలో నిజంగా పోరాడిన ముసలివాళ్లు యాభై వేల మందికి పైగా ఆ ఊళ్లో కలుసుకున్నారు. జూలై 3న దక్షిణాది వృద్ధులు కొందరు, పడుచు వయసులో తాము దాడి చేసిన రాతిగోడ వైపు మళ్లీ నడిచారు. అవతల ఉత్తరాది వృద్ధులు నిలబడి ఉన్నారు. ఈసారి గోడ మీదుగా చేతులు కలుపుకున్నారు. వాళ్లలో చేతికర్రలు ఊతంగా వచ్చినవాళ్లున్నారు, మామూలు కోట్లతో వచ్చినవాళ్లున్నారు. మన బీచి రోడ్డు తనిఖీలో వాళ్లు నెగ్గేవారా అని అడిగాను.

"వాళ్లకు శ్రద్ధ తక్కువ," అన్నారు దళపతి గారు.

అంతదూరం ఎందుకు, పల్నాడులో కారెంపూడి చూడండి అన్నాను. పన్నెండో శతాబ్దపు యుద్ధాన్ని కార్తీక అమావాస్యతో మొదలుపెట్టి అయిదు రోజులు జరుపుకుంటారు: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. వీరుల ఆయుధాలను కొణతాలంటారు. వాటిని భుజాన ఎత్తుకుని పూనకంతో ఊగిపోయే మనిషి చొక్కాకు మీ జాతివాళ్లే వరసగా ఆరుగురు ఉంటారు, జేబులో ఫోను ఉంటుంది. అతణ్ని ఆపి కుట్టు చూపించమని అడిగే మొనగాడు ఇంకా పుట్టలేదు. మందపోరు నాడు బ్రహ్మనాయుడి పేరు చెప్పుకుని కులం అడగకుండా చాపకూడు తింటారు. మేము భీమిలి భోజనానికి కంపెనీ కుర్రాళ్లను వేరే బల్ల దగ్గర కూర్చోబెట్టాం. ఆ బల్ల విషయంలో మాత్రం, ఎవరూ నియమావళి చూడకుండానే, అన్నీ అప్పటిలాగే కుదిరాయి. ఇది అన్నాక నా వాదన ముగిసిందని ప్రకటించారు.

అంగరక్షక పదవి ఊడింది. వచ్చే ఏడాదికి నాకు శవం వేషం ఇచ్చారు. మొదటి నిమిషంలోనే పడిపోవాలి, చివరిదాకా లేవకూడదు, డ్రోను అడిగినా సరే. దర్జీకి ఈ సంగతి చెబితే మాట్లాడకుండా రేకు డబ్బా మూత తీశాడు.

"ఈసారి రెండు కుట్టనా బాబూ?"

రెండు కుట్టమన్నాను. మీ చోటు నాకు బాగా గుర్తుంది, ఆ జీడివేరుకు మూడు జానల దూరం, కుడివైపు. గంటసేపు బోర్లా పడి, ముఖం ఆకుల్లో పెట్టుకుని, పనేమీ లేకుండా ఉంటాను. అందాకా అక్కడి నుంచి కదలకండి.

ఇట్లు
తమ విధేయుడు,
మాజీ అంగరక్షకుడు, ప్రస్తుతం శవం