మా గోడ రంగు ఏమిటంటే

మా అత్తగారు ధర్మవరంలో చీర కొనడం ఒక తంతు. కొట్టువాడు ఎన్ని దీపాలు వెలిగించి చూపించినా ఆవిడ ఒప్పుకోరు. మడత విప్పి, చేతుల మీద పరచుకుని, గుమ్మం దాటి వీధిలోకి వెళ్ళి, ఎండలో ఇటూ అటూ తిప్పి చూశాక గానీ బేరం మొదలుపెట్టరు. పెళ్ళైన కొత్తలో ఆ చీర రెండో కొస పట్టుకుని నడివీధిలో నిలబడాల్సి వచ్చినప్పుడు నాకు తల కొట్టేసినట్టు ఉండేది. చదువుకున్నవాణ్ణి కదా.

బెంగళూరులో మారతహళ్ళి దగ్గర మూడో అంతస్తులో ఫ్లాటు కొన్నాం. పక్క అపార్ట్‌మెంటు ఎంత దగ్గరంటే, వాళ్ళు పోపు వేస్తే మేము తుమ్ముతాం. పగలు కూడా దీపం ఉండాల్సిందే. ఇంటీరియర్ పని అప్పగించిన కుర్రవాడు మొదటి రోజే ఒక సూత్రం చెప్పాడు: అరవై, ముప్ఫై, పది. ఒక వస్తువు గదిని ఏలాలి, రెండోది దానికి తోడుండాలి, మూడోది అక్కడక్కడ మెరవాలి. నునుపు పక్కన గరుకు, చల్లని రాయి పక్కన వెచ్చని కొయ్య. వినడానికి బాగానే ఉంది. మా ఆవిడ కోరిన వాల్‌నట్ లామినేట్‌కు అరవై పాళ్ళు, నేను కోరిన నల్ల గ్రానైట్‌కు ముప్ఫై, ఇత్తడి పిడులకు పది ఇచ్చేశాక, మా అమ్మ పంపిన గంగాళం, ఏటికొప్పాక బొమ్మలు, మామగారి పేము కుర్చీ బయట నిలబడ్డాయి. నూటికి పైబడిన పాళ్ళను ఎక్కడ పెట్టాలో ఆ సూత్రంలో లేదు.

గోడ రంగు, లామినేట్, కర్టెన్ బట్ట మూడింటినీ ఒకే సాయంత్రం, ఒకే కొట్టులో ఎంచుకున్నాం. పక్కపక్కన పెడితే తోబుట్టువుల్లా కలిసిపోయాయి. గోడకు బూడిద రంగు. లేత మబ్బు లాంటిది. కొట్టులో వెలుగుతున్నవి 6500 కెల్విన్ల తెల్ల దీపాలని అప్పుడు ఎవరు చూశారు? ఈ కెల్విన్ల లెక్క కూడా వింతే. అంకె పెరిగే కొద్దీ వెలుగు నీలం వైపు పోతుంది, దాన్ని చల్లని వెలుగు అంటారు. పాతకాలపు ఫిలమెంటు బల్బు 2700 దగ్గర పసుపుగా వెలుగుతుంది, అది వెచ్చని వెలుగట. ఒక వెలుగులో అచ్చం ఒకేలా కనిపించిన రెండు వస్తువులు, వాటిలో కలిపిన రంగు పదార్థాలు వేరైతే, ఇంకో వెలుగులో విడిపోతాయి. తోబుట్టువుల పోలిక కొట్టు గుమ్మం దాకానే.

దీపాల కోసం బీవీకే అయ్యంగార్ రోడ్డుకు వెళ్ళాను. ఆ వీధిలో దీపాల కొట్ల మధ్య నడుస్తుంటే మనిషికి అవసరానికి మించిన ధైర్యం వస్తుంది. ఒక దీపంలో మూడు రంగులుండే సీలింగ్ లైట్లు చూపించారు. స్విచ్ ఒకసారి ఆపి వేస్తే తెలుపు, మళ్ళీ ఆపి వేస్తే పసుపు, ఇంకోసారి వేస్తే రెండింటికీ మధ్యరకం. ఒకటి కొంటే మూడు వచ్చినట్టే కదా అని పన్నెండు కొన్నాను. అంటే ముప్ఫై ఆరు.

మొదటి సాయంత్రం పసుపు వెలిగించాను. లేత మబ్బు కాస్తా చెరువు గట్టున నాచుగా మారింది.

"ఏమండీ, గోడకు చెమ్మ పట్టిందా?" అంది మా ఆవిడ.

వంటింట్లో ఇంకో కథ. అలమరల కింద అంటించిన ఎల్‌ఈడీ పట్టీకి పాలరంగు మూత వేయించమని కుర్రవాడు చెప్పాడు. ఖర్చెందుకని నేను వద్దన్నాను. నిగనిగలాడే గ్రానైట్‌లో ఒక్కో చుక్కా విడివిడిగా ప్రతిఫలించింది. అత్తగారు వచ్చిన రాత్రి ఆ గట్టును తడిగుడ్డతో మూడుసార్లు తుడిచారు. నాలుగోసారి నన్ను పిలిచి, "పంచదార ఒలికినట్టుంది నాయనా, ఎంత తుడిచినా పోవడం లేదు" అన్నారు. మూత విషయం ఆవిడకు చెప్పలేదు.

గృహప్రవేశం నాటి రాత్రి భోజనాలకు ఇరవై మంది వచ్చారు. విస్తళ్ళు వేశాక కరెంటు పోయింది. నాలుగైదు సెకన్లలో జనరేటర్ అందుకుంది. ఆ పన్నెండు దీపాలకు కరెంటు పోయి రావడమూ, ఎవరో స్విచ్ ఆపి వేయడమూ ఒకటే. పసుపులో మొదలైన పంక్తి మధ్యరకంలోకి వెళ్ళింది. ఇంకాసేపటికి కరెంటు తిరిగొచ్చింది, ఇల్లంతా తెల్లబడింది. పులిహోర దద్దోజనమైంది. గోంగూర నల్లబడింది. మా పెదనాన్న ఆసుపత్రి వరండాలో కూర్చున్న మనిషిలా కనిపించారు. మళ్ళీ పోయింది, మళ్ళీ జనరేటర్. ఈసారి దీపాలన్నీ కలిసి మారలేదు. ఏడు పసుపు, మూడు మధ్యరకం, రెండు మొండికేసి తెలుపు. పసుపు కింద కూర్చున్న వరసకు కామెర్లు, తెలుపు కింద కూర్చున్నవాళ్ళకు రక్తహీనత. వడ్డన ఆపి నేను స్విచ్ దగ్గర టకటకలాడిస్తుంటే, పిల్లలు పండగ అనుకుని కేకలు వేశారు. పిల్లలు తప్ప ఎవరూ మారు వడ్డించుకోలేదు.

మర్నాడు వచ్చిన ఎలక్ట్రీషియన్ స్విచ్ ఆపేసి, తీరిగ్గా మంచినీళ్ళు తాగి, మళ్ళీ వేశాడు. పన్నెండూ ఒకే రంగులో వెలిగాయి. కాసేపు ఆపి ఉంచితే ఈ రకం మొదటికి వస్తాయట. హాలుకు 3000, వంటింటికి 4000 చొప్పున ఒకే రంగు దీపాలు వేసుకోమని, డబ్బా మీద సీఆర్‌ఐ (ఆ వెలుగు రంగులను ఎంత ఉన్నదున్నట్టు చూపిస్తుందో చెప్పే అంకె) తొంభైకి పైన ఉందో లేదో చూసి కొనమని, అప్పుడు గోంగూర గోంగూరలా ఉంటుందని చెప్పి వెళ్ళాడు.

అత్తగారు ఇదంతా విని ఏమీ అనలేదు. మిగిలిపోయిన లామినేట్ ముక్కనూ కర్టెన్ పీలికనూ తీసుకుని బాల్కనీలోకి వెళ్ళారు. రెండు మేడల మధ్య నుంచి అక్కడ జానెడు ఎండ పడుతుంది. ఆ ఎండలో ఇటు తిప్పి, అటు తిప్పి చూశారు.

"కొనేటప్పుడు వీధిలోకి తీసుకెళ్ళి చూడలేదా నాయనా?"

ఆ ముక్క రెండో కొస పట్టుకుని నిలబడ్డాను.

కొత్త దీపాలు ఇంకా కొనలేదు. నిన్న రాత్రి అత్తగారికి ఊరి నుంచి ఫోను వచ్చింది. అవతల ఎవరో ఇంటి ముచ్చట్లన్నీ అడిగి, గోడలకు ఏ రంగు వేశారని కూడా అడిగినట్టున్నారు. ఆవిడ ఒకసారి పైకి చూసి అన్నారు:

"ఉండు వదినా, కరెంటు ఇప్పుడే పోయి వచ్చింది, చూసి చెబుతాను."