కొనే ముందు ఉన్నదాన్ని చూడండి
విడిగా యాంటీవైరస్ కొనకపోతే కంప్యూటర్‌కు రక్షణే లేదన్న మాటతో ఏకీభవించలేను. విండోస్ 10, 11లలో మైక్రోసాఫ్ట్ సొంత యాంటీవైరస్ డిఫెండర్ ముందే ఉంటుంది. ఇంకొకటి ఎక్కిస్తే డిఫెండర్ తనంతట తానే పక్కకు తప్పుకుంటుంది. మా ఒంగోలులో అసలు తంటా ఫైర్‌వాల్‌తో, అంటే నెట్‌వర్క్ రాకపోకలకు కాపలా కాసే గోడతో. గ్రానైట్, పొగాకు లెక్కలు రాసే ఆఫీసుల్లో రెండు కంప్యూటర్ల మధ్య ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ కనెక్ట్ కాకపోతే, బాగుచేయడానికి వచ్చిన కుర్రాడు ఫైర్‌వాల్‌ను ఏకంగా ఆపేసి చేతులు దులుపుకుంటాడు. (పని జరిగింది కదా, ఇక అడిగేదెవరు!) విండోస్‌లోనే ఉండే ‘విండోస్ సెక్యూరిటీ’లో, ఫైర్‌వాల్ గుండా యాప్‌లను అనుమతించే చోట ట్యాలీకి ‘ప్రైవేట్’ (మన సొంత, నమ్మకమైన నెట్‌వర్క్) గడిలో టిక్కు పెడితే సరిపోయేది. ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే రాన్సమ్‌వేర్ భయముంటే అనుమతి లేని యాప్‌లు ముఖ్యమైన ఫోల్డర్లలోని ఫైళ్లను మార్చకుండా ఆపే ‘కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్’ మీరే ఆన్ చేసుకోవాలి, మామూలుగా అది ఆఫ్‌లోనే ఉంటుంది. ఆ తర్వాత ఎంట్రీలు సేవ్ కావడం లేదని గగ్గోలు పెట్టకుండా, అక్కడి అనుమతి జాబితాలోనూ ట్యాలీని చేర్చండి.