మిక్సీ తిరిగితే మీటింగు ఆగును

‘కొత్త వైరు అక్కర్లేదు, మీ ఇంటి వైరింగే నెట్‌వర్క్’ అని పవర్‌లైన్ అడాప్టర్ల డబ్బా మీద రాసి ఉంది. రాసిన మహానుభావుడు బెజవాడలో ఇల్లు కట్టించుకుని ఉండడు.

మాది సత్యనారాయణపురం. రూటరు కింద హాల్లో, అబ్బాయి ఆఫీసు పని మేడ మీద. వైఫై మెట్ల మలుపు దాకా వచ్చి ఆయాసంతో కూలబడుతుంది. గోడకి కన్నం పెడదామంటే, రంగులు వేయించి నెలన్నా కాలేదు. అందుకే, కరెంటు వైర్ల గుండానే ఇంటర్నెట్ పంపే ఈ పవర్‌లైన్ అడాప్టర్ల జత కొన్నాం.

సిద్ధాంతానికి వంక పెట్టలేం. సెకనుకి 50 సార్లు ఊగే కరెంటు మీద, 20 లక్షల సార్లకి పైగా ఊగే డేటా సిగ్నల్ ఎక్కి పోతుంది. డబ్బా మీద వేగం 500 ఎంబీపీఎస్ అన్నారు. వెనక నెట్ కేబుల్ గుచ్చే లాన్ పోర్టు చూస్తే 100! అయిదొందల మందికి వండి వంద విస్తళ్ళు వేసినట్టు.

ఉదయం తొమ్మిదిన్నర. తెర మీద మేనేజరు గారు. కింద మా ఆవిడ పెసరట్టు పిండికి మిక్సీ వేసింది. మోటారు బ్రష్‌ల నిప్పురవ్వల గోల వైర్లలోకి ఎక్కింది. పైన మేనేజరు నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఆగిపోయాడు.

“అమ్మా, ఆపవే!”

“అల్లం నలగలేదురా!”

నలిగింది. మేనేజరు నోరు మూశాడు. “సో...” అన్నాడు. ఈవిడకి జీలకర్ర గుర్తొచ్చింది. ఆయన మళ్ళీ నోరు తెరుచుకుని నిలబడ్డాడు. తర్వాత కొబ్బరి పచ్చడి. ఆ పూట కంపెనీ త్రైమాసిక ప్రణాళిక మా వంటింటి అనుమతితో నడిచింది.

ఎలక్ట్రీషియన్ వచ్చాడు. త్రీ ఫేజ్ ఇల్లు, అంటే కరెంటు మూడు లైన్లలో వస్తుంది కదా, కింద ఒక ఫేజు, మేడ మీద ఇంకోటి అయితే సిగ్నల్ నీరసిస్తుంది. “ఏది ఎటు పోయిందో వేసినవాడికే తెలియాలి సార్.”

“వేసింది నువ్వేగా?”

“పదేళ్ళయింది కదండీ.”

కొత్తరకం అడాప్టర్లు ఎర్త్ వైరుని కూడా వాడుకుంటాయట. చూద్దామని స్విచ్‌బోర్డు విప్పించాను. ఆకుపచ్చ ఎర్త్ వైరు కొస కత్తిరించి, టేపు చుట్టి, లోపలికి తోసేసి ఉంది. పదేళ్ళుగా! తడిచేత్తో ఫ్రిజ్ ముట్టుకుంటే జిల్లుమంటోందని మా ఆవిడ మొత్తుకుంటే, “చెప్పులేసుకోండమ్మా” అన్నాడు బిల్డరు. గ్రానైటు మెరుపు చూపించి లక్షలు గుంజినవాడికి గజం తీగ కలపడానికి చేతులు రాలేదా? బాత్రూములో గీజరు పెట్టుకున్నాం. పిల్లలు తిరిగే ఇల్లు. ఆ ప్లగ్గులో మూడో కన్నం దేనికి పెట్టావురా, దిష్టికా?

ఎర్త్ గుంట తవ్వేవాడు రేపొస్తానన్నాడు. అడాప్టర్లు షోకేసులో ఉన్నాయి. అబ్బాయి మెట్ల మలుపులో కుర్చీ వేసుకున్నాడు. అక్కడ వైఫై బాగానే ఉంది, మేనేజరు ఆగడం లేదు. కాకపోతే మిక్సీ మోత ఆయనకి కూడా వినిపిస్తోందట.