తర్కానికి డిగ్రీ రోజులే అదను

వెయ్యి మందిలో ఒకరికి వచ్చే జబ్బు ఒకటి ఉందనుకుందాం. దానికి చేసే పరీక్ష, జబ్బు లేనివాళ్లలో కూడా నూటికి ఐదుగురికి పొరపాటున పాజిటివ్ చూపిస్తుంది. ఇప్పుడు ఒకరికి పాజిటివ్ వచ్చింది. ఆయనకు నిజంగా జబ్బు ఉండే అవకాశం ఎంత? హార్వర్డ్ వైద్య కళాశాల ఆసుపత్రుల్లోని 60 మంది డాక్టర్లను, విద్యార్థులను ఇదే అడిగారు. 1978లో వెలువడిన ఆ అధ్యయనంలో 27 మంది 95 శాతం అన్నారు. సరైన జవాబు సుమారు 2 శాతం. అది చెప్పినవాళ్లు 11 మందే. నిజానికి చిన్న లెక్కే. వెయ్యి మందిని పరీక్షిస్తే అసలు రోగి ఒక్కరు, ఉత్తుత్తి పాజిటివ్‌లు దాదాపు 50.

అంత చదివినవాళ్లకు కూడికలు రాక కాదు కదా! ఒక ఆధారం చేతికొస్తే మన నమ్మకం ఎంతవరకు మారాలన్నది వాళ్ల చదువులో ఎక్కడా సూటిగా ఎదురై ఉండదని నా అనుమానం. నమ్మకాలను, జ్ఞానాన్ని గణిత పద్ధతుల్లో పరిశీలించే ఫార్మల్ ఎపిస్టమాలజీ పట్టించుకునేది సరిగ్గా దీన్నే.

అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో కార్నెగీ మెలన్ యూనివర్సిటీ తత్వశాస్త్ర విభాగం ఈ విషయంతో పాటు తర్కశాస్త్రాన్నీ కలిపి డిగ్రీ విద్యార్థుల కోసం మూడు వారాల సమ్మర్ స్కూల్ పెట్టింది. ట్యూషన్ ఫీజు లేదు. తత్వశాస్త్రం వాళ్లతో పాటు గణితం, కంప్యూటర్ సైన్స్, భాషాశాస్త్రం, ఎకనామిక్స్ చదివేవాళ్లనూ పిలిచింది. నాకు బాగా నచ్చింది ఈ కలయికే. తర్కం ఏ ఒక్క డిపార్ట్‌మెంట్ సొత్తూ కాదు. గణితంలో నిరూపణలు చేయిస్తారు, నిరూపణ అంటే ఏమిటో అడగనివ్వరు. తత్వశాస్త్రంలో వాదన నేర్పుతారు, దాన్ని గణితంలోలా గుర్తుల్లో రాసి సరిచూసే పని చాలాసార్లు పక్కన పడుతుంది.

ఆ ఊరికి ఈ విషయంలో చరిత్ర కూడా ఉంది. ఈ యూనివర్సిటీ కార్నెగీ టెక్‌గా ఉన్న రోజుల్లో అక్కడ పనిచేసిన హెర్బర్ట్ సైమన్ తన సహచరులు ఆలెన్ న్యూవెల్, క్లిఫ్ షాలతో కలిసి 1956లో సిద్ధాంతాలను నిరూపించే ‘లాజిక్ థియరిస్ట్’ అనే కంప్యూటర్ ప్రోగ్రామ్ తయారుచేశారు. గణితాన్ని తర్కం పునాది మీద నిలబెట్టాలని వైట్‌హెడ్, రసెల్ రాసిన ‘ప్రిన్సిపియా మాథమాటికా’ గ్రంథం రెండో అధ్యాయంలోని మొదటి 52 సిద్ధాంతాల్లో 38 అది నిరూపించింది. కృత్రిమ మేధ తొలి అడుగుల్లో ఒకటి తర్కం మీదే పడిందన్నమాట.

మూడు వారాల్లో ఎవరూ తర్కవేత్తలు అయిపోరు. కానీ పీజీలో చేరాక దారి మార్చుకోవడం కష్టం, టెన్షన్ కూడా. డిగ్రీలో ఉన్నప్పుడే పక్క గది తలుపు తెరిచి చూపించాలి.

ఒక్క విషయం మాత్రం నన్ను బాధిస్తుంది. ట్యూషన్ ఫీజు లేనంత మాత్రాన అందరూ రాలేరు. వేసవిలో పనిచేసి వచ్చే ఏడాది ఖర్చులు కూడబెట్టుకునే విద్యార్థికి మూడు వారాల జీతం పోవడమే పెద్ద ఫీజు. ఇలాంటి స్కూల్ ఏ యూనివర్సిటీ పెట్టినా, ఆ జీతానికి సరిపడా స్టైపెండ్, దారి ఖర్చులు మొదటి బడ్జెట్‌లోనే రాసుకోవాలి.