సర్పంచ్ పేరు పక్కన ఎవరి నంబర్ ఉంది?

పంచాయతీ ఎన్నికల మాట వస్తే చాలు, ఒక పోస్టు వాట్సాప్ గ్రూపుల్లో తిరగడం మొదలవుతుంది. "మహిళా సర్పంచులు పేరుకే, పెత్తనమంతా భర్తలదే. మీడియా ఉన్నదే చూపిస్తుంది. సత్తా ఉంటే రిజర్వేషన్ లేకుండానే పైకొస్తారు" అన్నది దాని సారాంశం. తెలంగాణలో ఎనిమిదేళ్లు మండల విలేకరిగా పనిచేశాను. దీనికి జవాబు చెప్పకుండా ఉండలేను.

మీడియా ఉన్నదే చూపిస్తుందన్న మాట ముందు చూద్దాం. 2020లో గ్లోబల్ మీడియా మానిటరింగ్ ప్రాజెక్టు 116 దేశాల వార్తలను పరిశీలించింది. వార్తల్లో కనిపించేవాళ్లలో, మాట్లాడేవాళ్లలో ఆడవాళ్లు 25 శాతమే అని తేలింది. జనాభాలో సగం ఉన్నవాళ్లు వార్తల్లో పావు వంతు ఎలా అయ్యారు?

ఎలా అవుతారో నాకు దగ్గరి నుంచి తెలుసు. మా దగ్గర సర్పంచుల ఫోన్ నంబర్ల లిస్టు ఉండేది. మహిళా సర్పంచుల పేర్ల పక్కన దాదాపు అన్నీ భర్తల నంబర్లే. నీళ్ల సమస్య వచ్చినా, రోడ్డు పాడైనా ఆ నంబర్‌కే ఫోన్ చేసేవాళ్లం, ఆయన చెప్పిందే రాసేవాళ్లం. తర్వాత "ఆమె డమ్మీ" అని రాసిందీ మేమే. ఒక ఎండాకాలం ఒక మహిళా సర్పంచ్ భర్త ఫోన్ ఎత్తకపోతే నేరుగా వాళ్ల ఊరికే వెళ్లాను. ఆవిడ వాటర్ ట్యాంకు దగ్గర నిలబడి మోటర్ పైకి తీయిస్తున్నారు. "అన్న లేడా అక్కా?" అన్నాను. "మోటర్ గురించేనా తమ్మీ? నన్నడుగు" అన్నారు. లో వోల్టేజీకి అది ఎన్నిసార్లు కాలిందో, వైండింగ్‌కి ఎంతయిందో, ఏ బిల్లు ఎక్కడ ఆగిందో ఏ కాగితమూ చూడకుండా చెప్పారు. అప్పటికి ఆవిడ సర్పంచ్ అయి మూడేళ్లు. నేను ఆవిడను అడిగిన మొదటి ప్రశ్న కూడా ఆయన గురించే.

భర్తల పెత్తనం అబద్ధం కాదు. చాలా ఊళ్లలో ఉంది, చూశాను. కానీ అన్నిచోట్లా అంతా వాళ్లే నడిపిస్తే, పశ్చిమ బెంగాల్‌లోని బీర్భూమ్ జిల్లాలో కనిపించిన తేడా ఎక్కడిది? అక్కడి పంచాయతీలపై రాఘవేంద్ర చటోపాధ్యాయ, ఎస్తేర్ డుఫ్లో 2004లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఆడవాళ్లు ఎక్కువగా అడిగేది మంచినీళ్లు. అధ్యక్ష పదవి మహిళలకు రిజర్వయిన పంచాయతీలు వాటి మీదే ఎక్కువ ఖర్చు పెట్టాయి. ఆ రాష్ట్రంలోనే జరిగి 2012లో వచ్చిన మరో అధ్యయనం ఇంకా ముఖ్యమైనది. వరసగా రెండుసార్లు మహిళలకు రిజర్వయిన ఊళ్లలో, చదువులో మగపిల్లలకూ ఆడపిల్లలకూ మధ్య ఉన్న తేడా పోయింది. పెద్ద కుర్చీలో ఒక ఆడమనిషి కళ్ల ముందు కనిపించడం అంత పని చేస్తుంది. ఆ కనిపించడాన్నే మనం ఫోటోలోంచి కత్తిరిస్తున్నాం.

ఇక సత్తా సంగతి. చట్టం మహిళలకు 50 శాతం సీట్లు ఇచ్చిన పంచాయతీల్లో సగం మంది వాళ్లే. టికెట్లు పార్టీల చేతిలో ఉన్న తెలంగాణ అసెంబ్లీకి 2023లో గెలిచింది 119 మందిలో 10 మంది. ఉమ్మడి రాష్ట్రంలో గానీ, విడిపోయాక గానీ మహిళా ముఖ్యమంత్రే లేరు. ఊరు దాటగానే సత్తా ఆవిరైపోతుందా? టికెట్ దగ్గర "ఆమె జనానికి తెలుసా?" అని అడుగుతారు. ఐదేళ్లూ పేపర్లో భర్త పేరే వస్తే ఎలా తెలుస్తుంది?

అన్నీ దాటి పైకి వెళ్లినవాళ్లకైనా తప్పదు. 2021 బడ్జెట్ రోజు నిర్మలా సీతారామన్ పోచంపల్లి చీర మీద ఎన్ని కథనాలొచ్చాయో! మన నేతకు పేరొస్తే నాకూ సంతోషమే. కానీ ఇన్సూరెన్స్‌లో విదేశీ పెట్టుబడి పరిమితిని 49 నుంచి 74 శాతానికి పెంచుతున్నట్టు, రెండు ప్రభుత్వ బ్యాంకులను ప్రైవేటుపరం చేస్తున్నట్టు ఆవిడ ఆ రోజే ప్రకటించారు. ఒప్పుకున్నా, తప్పుపట్టినా ఆవిడను నిలదీయాల్సింది వాటి మీద.

ట్యాంకు దగ్గర ఆ రోజే అక్క నంబర్ తీసుకుని లిస్టులో రాసుకున్నాను. మిగతావాళ్ల నంబర్ల కోసం వారం తిరిగాను. ఇద్దరి ఇళ్లలో భర్తలు ఇవ్వనివ్వలేదు. మిగిలినవాళ్లు వెంటనే చెప్పారు. అంతకుముందు ఏ విలేకరీ అడగలేదట.